పేరునకు స్మార్టుఫోను

మన దేశమున ఒక వస్తువునకు గొప్ప పేరు తగిలించినంతనే అది గొప్పదయ్యెనని నమ్మువారు పెక్కండ్రు. పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెత ఊరక పుట్టలేదు. ఈ కాలమున అట్టి పేర్లలో మొదట ఎన్నదగినది 'స్మార్టుఫోను'. నిజామాబాదు పట్టణమున బస్సుస్టాండు నుండి గాంధీచౌకు దాక నడచినవానికి ఆ మాట వ్రాసిన బల్ల పదియడుగులకొకటి కనబడును. స్మార్టు అనగా తెలివిగలదని యర్థము. ఆ తెలివి యేమి, అది యెవరిది యని మాత్రము ఆ బల్లలపై వ్రాసియుండదు.

మొన్న మేము పనిపెట్టుకొని నాలుగు దుకాణములకు పోయి, "ఈ ఫోనును స్మార్టు అనుటకు కారణమేమి?" అని యడిగితిమి. మొదటివాడు అద్దము పెద్దదనెను. రెండవవాడు కెమెరా మంచిదనెను. మూడవవాడు వాట్సాపు వచ్చుననెను. నాలుగవవాడు మా నెరసిన తలను చూచి జాలిపడి, "వేలు పెట్టి జరిపితే జరుగుతది సార్, అందుకే స్మార్టు" అని నెమ్మదిగా బోధించెను.

ఈ నాలుగు సమాధానములును తప్పులే. ఇది మాటలను గూర్చిన వట్టి తగవులాట యని చదువరులు తలంపవలదు. మన జిల్లాలో పెక్కు కుటుంబములు తమ నెలల సంపాదనను ధారపోసి కొనుచున్న వస్తువిది. పిల్లల చదువు, పంట ధర, పింఛను, బ్యాంకు లెక్క, దూరదేశమున నున్న కొడుకు మాట, అన్నియు దీని గుండనే నడచుచున్నవి. ఇట్టి వస్తువు ఎవరి మాట వినునో తెలిసికొనకుండ కొనుట, ఎద్దు ఎవరి అదలింపునకు కదలునో చూడక సంతలో డబ్బు చెల్లించుట వంటిది.

యంత్రములు రెండు తెగలు. ఒక్క పని కొరకే పుట్టినవి మొదటి తెగ. బోధనునొద్ద శక్కర్‌నగరులో 1937లో నెలకొని, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరొందిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ గానుగలను చూచినవారు మన చదువరులలో పలువురుందురు. బండ్ల కొలది చెరకును పిప్పిచేసిన ఆ యినుప రోలర్లు గోధుమలు విసరలేవు, నూలు వడకలేవు. వానికి బలము కలదు. క్రొత్త పని నేర్చుకొను శక్తి లేదు. రెండవ తెగకు చెందినది కంప్యూటరు. 1936లో ఆలన్ ట్యూరింగ్ అను ఆంగ్లేయ గణితవేత్త ఒక చిత్రమైన సత్యమును నిరూపించెను. పనికొక యంత్రము చొప్పున కట్టనక్కరలేదు. చేయవలసిన పనిని తెలుపు ఆదేశముల పట్టికను సైతము తనలోనికి చదువుకొనగల యంత్రము ఒక్కటి యున్న చాలును. పట్టిక మార్చినకొలది అది వేరువేరు యంత్రముల లెక్కలన్నియు చేయును. నేటి కంప్యూటరు విద్యకంతకును పునాది యిదియే.

1946లో అమెరికాలో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను యంత్రమున సుమారు 18,000 గాజు వాల్వులుండెను. ఒక లెక్క నుండి మరియొక లెక్కకు దానిని మరల్చుటకు తీగలు పెరికి వేరొకచోట గ్రుచ్చుచు దినములు గడపవలసి వచ్చెడిది. ఆ పనిని నిర్వహించినవారు ఆరుగురు స్త్రీలు. వారి పేర్లు లోకమునకు తెలియుటకు దశాబ్దములు పట్టినది. కుమార్తె చేతికి ఫోనిచ్చుటకు జంకుచు, ఇచ్చినను బొమ్మలు చూచుటకే యని తలంచు తండ్రులు ఈ సంగతిని గమనింతురుగాక. యంత్రమునకు పని నేర్పిన తొలి గురువులలో స్త్రీలుండిరి.

కావున మా నిర్వచనమిది. తయారుచేసినవాడు తలపెట్టని క్రొత్త పనిని, వాని అనుమతి నడుగకుండ, యజమాని నేర్పగలిగినచో ఆ ఫోను కంప్యూటరు. అప్పుడే దానికి స్మార్టు అను పేరు చెల్లును. నేర్పలేనిచో అది కెమెరా కావచ్చును, సినిమా పెట్టె కావచ్చును, రేడియో కావచ్చును. అన్నియు కలిసిన సంచియు కావచ్చును. పెక్కు పనులు చేయుట వేరు, ఏ పనినైనను నేర్చుకొనుట వేరు.

ఈ కొలబద్దతో గడచిన ముప్పది యేండ్ల చరిత్రను కొలిచి చూతము. 1994లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన ఐబీఎం సైమన్ అను ఫోనునకు వ్రేలితో తాకు అద్దముండెను. కనుక అద్దము నిన్న మొన్నటి వింత కాదు. 2002లో నోకియా 7650 అను ఫోను వచ్చెను. దాని తెర చిన్నది; మీటలు నొక్కవలసినదే. ఐనను ఎవరో యొక విద్యార్థి తన యింట కూర్చుండి వ్రాసిన కార్యక్రమమును తెచ్చి అందులో పెట్టుకొన వీలుండెను. 2007 జూన్‌లో ఐఫోను అమ్మకమునకు వచ్చినపుడు లోకమంతయు దాని నున్నని అద్దమును చూచి మురిసిపోయెను. కాని తయారుచేసిన సంస్థ తాను పెట్టిన యాపులు దప్ప, ఇతరులు వ్రాసిన వానిని అందులో పెట్టుకొనుటకు ఆ మొదటి యేడాది త్రోవ చూపలేదు. 2008 జూలైలో తన సొంత యాపుల అంగడి తెరచిన పిమ్మటనే, ఆ యంగడి ద్వారముననే, బయటివారి యాపులకు ప్రవేశము కలిగినది. మా కొలబద్ద ప్రకారము 2002 నాటి మీటల ఫోనే 2007 నాటి అద్దపు ఫోనుకంటె నిజమైన కంప్యూటరు. ఈ మాట విని దుకాణదారులు నవ్వవచ్చును. వారు అమ్మునది అద్దము గనుక వారి నవ్వు సహజమే.

ఇక మన యిండ్లకు వత్తము. 2017 జూలైలో జియోఫోను ప్రకటింపబడెను. తిరిగి యిచ్చెడు 1,500 రూపాయల ధరావతుపై అది చేతికి వచ్చును గనుక, అంతవరకు ఇంటర్నెట్టు ముఖము చూడని కూలివారు, బీడీలు చుట్టు స్త్రీలు దానిని కొనిరి. దానిని స్మార్టుఫోనని ప్రకటనలలో చాటిరి. దాని తెర 2.4 అంగుళములు. లోపలి వ్యవస్థ పేరు కైఓఎస్. మొజిల్లా సంస్థ మొదలిడి విడిచిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుండి పుట్టినది. ఇంటర్నెట్టు చూడవచ్చును, పాటలు వినవచ్చును, మాటతో అడిగిన సమాధానము వచ్చును. 2018లో వాట్సాపు కూడ వచ్చినది. ఆ ఫోను చేసిన మేలును మేము కాదనము. ఐనను అందులో క్రొత్తగా ఏది చేరవలెనన్నను అమ్మినవారి అంగడి నుండియే చేరవలెను. తెలిసిన కుర్రవాడొకడు పసుపు లెక్క చూచు చిన్న కార్యక్రమము వ్రాసి యిచ్చినను, దానిని పెట్టుకొనుటకు సామాన్యునకు ద్వారము లేదు. పిమ్మట 2024లో కైఓఎస్ ఫోన్లకు వాట్సాపు క్రొత్తగా దించుకొనుట నిలిచినది. 2025లో ఉన్నవారికిని అది ఆగిపోయినది. ఇచ్చినవారే తీసికొనిరి. యంత్రము చెడలేదు, అది చేయు పని మాత్రము పోయినది. కంప్యూటరైయుండినచో యజమాని దానికి మరియొక పని నేర్పుకొనియుండెడివాడు.

డబ్బు చెల్లించు శక్తియే తెలివి యనువారు కూడ కలరు. అదియు సరికాదు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఆరంభించిన యూపీఐ 123పే అను పద్ధతి చేత మామూలు మీటల ఫోను నుండియు డబ్బు పంపవచ్చును. కావున చెల్లింపు గాని, సందేశము గాని, చిత్రము గాని గుర్తు కావు.

అట్లయిన గృహస్థుడు దుకాణమున నిలిచి ఏమి చూడవలెను? నాలుగు ప్రశ్నలు చాలునని మా యభిప్రాయము.

మొదటిది: ఇందులో నేను గాని, నాకు నచ్చిన యితరుడు గాని వ్రాసిన దానిని పెట్టుకొనవచ్చునా? రెండవది: నాకు వలదన్న దానిని తీసివేయవచ్చునా? కొన్ననాడే పది ఇరువది యాపులు లోన తిష్ఠవేసికొని, కొన్ని యెంత పొమ్మన్నను పోని ఫోన్లు కలవు. పిలువని చుట్టమును సాగనంపలేని యిల్లు మన యిల్లెట్లగును? మూడవది: నేను వ్రాసికొన్న లెక్కలను, చిత్రములను, ఉత్తరములను మామూలు ఫైళ్లుగా బయటికి తీసి వేరొక యంత్రమునకు మార్చుకొనవచ్చునా?

నాలుగవది అన్నిటికంటె కఠినమైనది: చేసినవాడు దీనిని విడిచిన తరువాత నేను గాని నా పక్షమున మరియొకడు గాని దీనిని బాగుచేయవచ్చునా? ఫోను మేల్కొనునపుడు మొదట నడచు చిన్న కార్యక్రమమునకు బూట్‌లోడరని పేరు. దాని తాళము తీయనిచ్చిన ఫోన్లలో, కంపెనీ క్రొత్త మార్పులు పంపుట మానినను, లీనియేజ్ ఓఎస్ వంటి స్వేచ్ఛా వ్యవస్థలను పెట్టుకొని మరికొన్ని యేండ్లు వాడుకొనుచున్నవారు కలరు. తాళము తీయనీయని ఫోను, యంత్రము గట్టిగా నున్నను, కాలము తీరినంతనే భద్రత తప్పి మూలబడును.

ఈ నాలుగవ ప్రశ్నకు తెలుగువారు మరువరాని యుదాహరణము కలదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక వింత జబ్బు సోకినది. తెలుగులోని 'జ్ఞా' అను అక్షరము ఒక విశేషమైన కూర్పుతో సందేశములో వచ్చెనా, దానిని చూపబోయిన యాపు కుప్పకూలెడిది. కొన్నిమార్లు ఫోనంతయు స్తంభించెడిది. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమును చూచి తెలివిగల ఫోను మూర్ఛపోయినదని లోకము నవ్వినది. ఆ నెల 19వ తేదీన కంపెనీవారు సవరణ పంపిరి. త్వరగానే పంపిరి, అందుకు వారిని మెచ్చుకొందము. కాని అంతవరకు తెలుగెరిగిన నిపుణులు వేయిమంది యున్నను, తమ చేతిలోని ఫోనులో తమ యక్షరమును తాము సవరించుకొను వీలు లేకపోయెను. మన యక్షరమునకు మందు మనయొద్ద లేని యంత్రము మనదెట్లగును?

ఒక్క ద్వారముపై ఆధారపడుట ఎట్టిదో బోధను ప్రాంతపు వారికి మేము చెప్పనక్కరలేదు. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు కాలువలలో పారగా, మంజీర తీరపు పొలములు చెరకుతోటలైనవి. చెరకు కోసిన పిదప నిలువ యుండదు. గంటలు గడచినకొలది రసము తగ్గును. కనుక రైతు ఫ్యాక్టరీ గేటు ముందర బండ్ల వరుసలో నిలిచి, వారి కాటాను నమ్మి, వారిచ్చు చీటీకి లోబడవలసినదే. పైగా 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తరువు ప్రకారము ఒక్కొక్క ఫ్యాక్టరీకి ఇంత ప్రాంతమని కేటాయింప ప్రభుత్వమునకు అధికారము కలదు. భూమి రైతుది, విత్తు రైతుది, చెమట రైతుది. అమ్ముకొను ద్వారము మాత్రము రైతు యెన్నిక కాదు. ఫ్యాక్టరీ బాగుగ నడచినంతకాలము ఈ లోపము కనబడలేదు. గేటు మనకొరకే తెరచియున్నదని అందరును తలంచిరి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వాముల చేతికి పోయినది. 2015 డిసెంబరులో మూతబడినది. నాడు తెలిసినది, గేటు ఎవరిదో. చెరకు వేసినవారు దూరపు ఫ్యాక్టరీలకు తోలిరి, లేదా వరికి మరలిరి.

ఫోనులోని యాపుల అంగడియు అట్టి గేటే. అది నేడు వెడల్పుగా తెరచియున్నది. లక్షల యాపులు కలవు. కావలివాడు నవ్వుచు పలుకరించుచున్నాడు. ఐనను గేటు గేటే. మూయుట తెరచుట మన చేతిలో లేనపుడు, తెరచియున్నదన్న సంతోషము నమ్మదగినది కాదు.

గేటు మూయుట ఎట్లుండునో మేము కన్నులార చూచితిమి. బోధను నుండి వర్ని పోవు త్రోవలోని యొక గ్రామమున మాకు పరిచయమైన కుటుంబమొకటి కలదు. తండ్రి ఒకప్పుడు చెరకు రైతు, ఇప్పుడు వరి పండించును. తల్లి బీడీలు చుట్టును. కూతురు డిగ్రీ చదువుచున్నది. ఆ పిల్లకు కంప్యూటరు కొనిపెట్టు స్తోమతు లేక, నెలవారీ వాయిదాలపై ఒక ఫోను కొనిరి. పిల్ల తెలివిగలది. ఫోనులోనే పైథాను భాష నేర్చి, తల్లి చుట్టిన బీడీల లెక్క, ఆకు, తంబాకు లెక్క, రావలసిన కూలి లెక్క చూచు చిన్న కార్యక్రమమును వ్రాసినది. తల్లి సంతోషమునకు మేర లేదు. ఒక నెల కూలి ఆలస్యమై వాయిదా తప్పినది. మరునాటి యుదయము ఫోను తెరపై బాకీ మాట దప్ప వేరేమియు కనబడలేదు. అమ్మునాడే అందులో దాచిన తాళపు యాపు దూరము నుండి వచ్చిన ఆజ్ఞ విని ఫోనును బిగించినది. లోపల పిల్ల వ్రాసిన పాఠములు, లెక్కలు, పరీక్షకు సేకరించుకొన్న పుటలు చిక్కుకొన్నవి. పరీక్ష రెండు దినములలో నుండెను. ఆ తల్లి మాతో ననిన మాట యిది: "పైసలు కట్టేది మేమే సార్. ఫోను మాత్రం వాళ్ల మాటే ఇంటది."

ఈ యొక్క వాక్యములో మా వ్యాసమంతయు కలదు.

బాకీ తీర్చవలదని మేము చెప్పుట లేదు. అప్పు అప్పే. కాని 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ఏమి చెప్పుచున్నదో చూడుడు. కోర్టు డిక్రీ చేతబట్టుకొని వచ్చిన ఋణదాతయైనను పనివాని పనిముట్లను, వ్యవసాయమే జీవనమైనవాని సేద్యపు సాధనములను జప్తు చేయరాదు. బ్రతుకు తెరువును ఊడబెరికినచో బాకీ తీర్చు త్రోవయే మూతబడునని నూరేండ్ల క్రిందటి శాసనకర్తలకు తెలిసినది. నేడు డిక్రీ లేదు, కోర్టు లేదు, అమీను లేడు. ఎక్కడనో ఒక మీట నొక్కినంతనే చదువు పనిముట్టు మూతబడినది. ఫోను నిజముగా యజమాని మాట వినునదైనచో ఇది సాధ్యమగునా?

ఈ తగవు మన పల్లెలలోనే కాక ప్రభుత్వముల యెదుటను నడచుచున్నది. 2022 అక్టోబరులో మన దేశపు పోటీ కమిషను ఆండ్రాయిడు ఫోన్ల విషయమున గూగులు సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ముందుగా పెట్టిన యాపులను తీసివేయనీయవలెననియు, అంగడి బయటి నుండి యాపులు పెట్టుకొనుటకు అడ్డుపడరాదనియు ఆజ్ఞలు కూడ చేసెను. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు జరిమానాను నిలిపినది గాని, మేము చెప్పిన యీ రెండును చేరిన నాలుగు ఆజ్ఞలను కొట్టివేసినది. వివాదము సుప్రీముకోర్టునకు పోయినది. ఐరోపాలో క్రొత్త శాసనమునకు లోబడి 2024 మార్చి నుండి ఐఫోన్లలో ఇతరుల అంగళ్లకు చోటు కలిగినది. ఆ వీలు మొదట అక్కడివారికే కలిగినది. ఇక 2025 ఆగస్టులో గూగులు సంస్థ, తనయొద్ద పేరు నమోదు చేసికొని గుర్తింపు చూపినవారు వ్రాసిన యాపులనే ఆండ్రాయిడు ఫోన్లు అంగీకరించునట్లు 2026 నుండి దేశదేశములుగా అమలు చేయుదునని ప్రకటించెను. నిరసన పుట్టగా, అనుభవజ్ఞులకు వేరొక త్రోవ విడుతునని పిమ్మట పలికెను. జరిమానాల మొత్తము మనకు ముఖ్యము కాదు. కొన్నవాని హక్కు అమ్మినవాని దయగా మారుచున్నదా యనునదే ప్రశ్న.

ఇందుకు ప్రతివాదులు రెండు మాటలు చెప్పుదురు. మొదటిది భద్రత. "ద్వారము తెరచినచో దొంగలు వత్తురు. పెండ్లి శుభలేఖ యనియు, ట్రాఫికు చలానా యనియు వాట్సాపులో ఏపీకే ఫైళ్లు పంపి బ్యాంకు ఖాతాలు దోచుచున్నారు గదా?" అందురు. దోచుచున్నారు, నిజమే. ఈ భయమును మేము తేలికగా త్రోసివేయము. మా బంధువులలోనే అట్లు నష్టపోయినవారు కలరు. కాని బావిలో పిల్లలు పడుదురన్న భయమునకు గృహస్థుడు బావికి గోడ కట్టును; పైన పలక వేసి, దాని తాళపుచెవిని పొరుగూరివానికి ఇచ్చి, చేదకు వాని నడుగుమని యిల్లాలికి చెప్పడు. తాళములుండవలెను; హెచ్చరికలుండవలెను; తెలియనివాడు పొరపాటున తీయరాని గడియ యుండవలెను. మా వాదమొక్కటే: తాళపుచెవి యింటివానియొద్ద నుండవలెను. అంతేకాదు, గేటు లోపల దొంగలు లేరా? ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చి, బంధువులందరికి ఫోన్లు చేసి పరువు తీసిన అప్పుల యాపులు పెక్కులు అంగడి లోపలనే అమ్మబడినవి. అంగడి బయటి ఎఫ్-డ్రాయిడ్ అను స్వేచ్ఛా భాండారము కార్యక్రమముల మూలము నెల్లవారికి చూపి పంచుచున్నది. 2020లో అంగడివారి క్రొత్త నియమములకు లోబడలేక టెర్మక్స్ అను ఉపకరణము అచ్చట నవీకరణము మానుకొని ఈ భాండారమును ఆశ్రయించెను. అది ఏమి చేయును? సామాన్యపు ఫోనును కంప్యూటరుగా మార్చి, కార్యక్రమములు వ్రాయుట నేర్పును. అనగా, ఫోనును కంప్యూటరు చేయు పనిముట్టే గేటు బయట నిలువవలసి వచ్చినది. ఇంతకంటె సాక్ష్యమేల?

రెండవ మాట మరింత ప్రమాదకరమైనది. "సామాన్యులకు ఇవన్నియు ఏల? వారు చూచుకొందురు, మాటలాడుకొందురు, కార్యక్రమములు వ్రాయుదురా?" అందురు. ఈ స్వరము మనకు క్రొత్తది కాదు. "ఆడవారికి చదువేల? ఉత్తరములు వ్రాయుదురా, ఉద్యోగములు చేయుదురా?" అని యొకప్పుడు మన పెద్దలే యనిరి. చదువనిచ్చి వ్రాయనీయకుండుట సగము చదువు. చూడనిచ్చి నేర్పనీయకుండుట సగము కంప్యూటరు. నిజామాబాదు మార్కెటు యార్డు 2016 ఏప్రిలులో ఈ-నామ్ అను జాతీయ విద్యుత్ మార్కెటు ఆరంభించిననాడే అందులో చేరినది. జాతీయ పసుపు బోర్డు 2025లో ఈ పట్టణమే కేంద్రముగా నెలకొన్నది. నేటి రైతు ఫోనులో ధర చూడగలడు. సంతోషమే. కాని సుమారు ఐదు క్వింటాళ్ల పచ్చిపసుపును ఉడికించి ఆరబెట్టినగాని ఒక క్వింటాలు ఎండుపసుపు రాదు. వంట కట్టెలు, కూలి, మెరుగు, రవాణా, నిలువ వడ్డీ లెక్కవేసి, ఏ వారము అమ్మిన మేలో పదియేండ్ల ధరలతో పోల్చి చూచుకొను పట్టిక రైతు కొడుకు వ్రాసి తండ్రి ఫోనులో పెట్టగలిగిననాడే ఆ ఫోను రైతుది. ధర చూపునది కిటికీ. లెక్క వేయునది నాగలి.

మన జిల్లా చరిత్రలోనే ఇందుకొక దీపము కలదు. 1948లో దాశరథి కృష్ణమాచార్యులవారు నిజామాబాదు కోట జైలులో బంధింపబడి, కాగితము కలము లేక, బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసిరి. గోడను కట్టినవాడు దానిని పద్యముల కొరకు కట్టలేదు. బొగ్గును కాల్చినవాడు దానిని కలమని యమ్మలేదు. ఐనను అవి వ్రాయువాని చేతికి లోబడినవి. కావలివారు చెరిపివేయవచ్చును గాని, గోడ తనంత తాను వ్రాతను నిరాకరింపలేదు. నేడు గుప్పిట పట్టు యంత్రమునకు ఎనియాక్ కంటె ఎన్నో లక్షల రెట్లు శక్తి కలదు. దానికి ఆ జైలు గోడకున్నపాటి విధేయతయైన నుండవలదా?

ఇక చేయవలసినదేమి? ఫోను కొనుటకు ముందు ప్రతి గృహస్థుడు ఆ నాలుగు ప్రశ్నలను దుకాణమున బిగ్గరగా అడుగవలెను. సమాధానము తెలియదన్న దుకాణదారుడు రేపటికి తెలిసికొనును. అడుగువారు లేకనే యతనికి తెలియలేదు. వాయిదాలపై కొనువారు తాళపు యాపు కలదా, ఏ షరతుపై బిగియును, ఎన్ని దినముల నోటీసిత్తురు అని కాగితముపై వ్రాయించుకొనవలెను. మన జిల్లా కేంద్ర గ్రంథాలయమునను, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయమునను, ఉన్నత పాఠశాలలందును ఫోనుకు తగిలించు కీబోర్డులు కొన్ని యుంచి, ఉన్న ఫోనుతోనే కార్యక్రమములు వ్రాయుట నేర్పవలెను. కంప్యూటరు లేదన్న కొరత సగము తీరును. ఇంటిలో ఫోను మొదట కుమార్తె చేతికి పోవలెను, అదియు వ్రాయుటకు. ఇక ప్రభుత్వము విషయము. రాజ్యాంగము గుర్తించిన 22 భాషలలోను ఫోనుపై సందేశములు చదువ వీలుండవలెనని మన ప్రభుత్వము 2016లో ప్రమాణమును విధించినది. విధించిన పిమ్మట కంపెనీలు లోబడినవి. భాషను విధింపగలిగిన ప్రభుత్వము తాళపుచెవిని విధింపలేదా? అమ్మిన ప్రతి ఫోనునకు తాళపుచెవి కొన్నవాని కియ్యవలెననియు, బాకీ కొరకు చదువు పనిముట్టును కోర్టు ఉత్తరువు లేక మూయరాదనియు శాసనము చేయుమని మనమడుగవలెను.

ఆ పిల్ల సంగతి చెప్పి ముగింతుము. తల్లి ఇరుగుపొరుగువారియొద్ద అప్పు తెచ్చి మరునాటి సాయంకాలమునకు వాయిదా కట్టినది, ఫోను తెరచుకొన్నది, పిల్ల పరీక్ష వ్రాసినది. అంత మాత్రమున కథ సుఖాంతమని మేము తలంపము. ఆ పిల్ల ఇప్పుడు తన లెక్కలన్నిటిని ప్రతి రాత్రియు ఒక నోటుపుస్తకములో కలముతో కూడ వ్రాసికొనుచున్నది. ఏలయని యడిగితిమి. "పుస్తకానికి తాళం వెయ్యరు గద సార్" అనెను. స్మార్టుఫోను అను పేరునకు తగిన ఫోను మన జిల్లాలో అమ్ముడుపోవు దినమున ఆ పిల్ల ఆ పుస్తకమును మూసివేయును. అంతవరకు తెలివి ఆ పిల్లదే గాని ఫోనుది కాదు.